సూక్ష్మజీవి పేరు సరే, రెఫరల్ కాగితంలో జన్యువు పేరేది?

సంపాదకులకు నమస్కారం.

మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా క్లెబ్సియెల్లా, ఈ.కోలి అంటూ సూక్ష్మజీవుల పేర్లే కనిపిస్తాయి. ఆసుపత్రుల లెక్కలూ అలాగే నడుస్తాయి. ఈ నెల క్లెబ్సియెల్లా ఇన్ని, ఈ.కోలి ఇన్ని అని వేర్వేరు గళ్లలో రాసుకుంటారు. ఒక ఐసియులో నాలుగో మంచం మీది రోగికి క్లెబ్సియెల్లా, ఏడో మంచం మీది రోగికి ఈ.కోలి, పదో మంచం మీది రోగికి సిట్రోబాక్టర్ వచ్చాయనుకుందాం. జాతులు వేరు కాబట్టి ఒకదానితో ఒకదానికి సంబంధం లేదని తేల్చేస్తారు. మూడింటిలోనూ నిరోధక జన్యువులను మోసే ఒకే ప్లాస్మిడ్ ఉంటే మాత్రం అది ఒకటే వ్యాప్తి. దాన్ని పట్టుకునే తొలి పరీక్షలు హైదరాబాద్‌లోని మధ్యస్థాయి ల్యాబులో కూడా చేయదగినవే. చేయడం లేదు, చేసినా ఆ ఫలితం రోగితోపాటు తర్వాతి ఆసుపత్రికి వెళ్లడం లేదు. ఈ లేఖ ఆ రెండు లోపాల గురించి.

ప్లాస్మిడ్ అంటే బాక్టీరియా క్రోమోజోముకు వేరుగా ఉండి, తన ప్రతులను తానే తయారుచేసుకునే డీఎన్‌ఏ వలయం. కొన్ని వేల అక్షరాల పొడవున్న చిన్నవీ ఉంటాయి, రెండు మూడు లక్షల అక్షరాలవీ ఉంటాయి. 1952లో జాషువా లెడర్‌బర్గ్ ఆ పేరు పెట్టారు. మందుల విషయంలో దాని ప్రమాదం తెలిసింది మాత్రం 1950ల చివర్లో, జపాన్‌లో. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా అక్కడ సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరామ్‌ఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒకేసారి లొంగకుండా పోయింది. ఆ నాలుగు లక్షణాలూ ఈ.కోలి నుంచి షిగెల్లాకు కట్టగట్టుకుని వెళ్తున్నాయని అక్కడి శాస్త్రవేత్తలు చూపించారు.

బదిలీ జరిగే తీరు ఇది. ప్లాస్మిడ్ ఉన్న బాక్టీరియా సన్నని పోగు చాచి పక్కదాన్ని దగ్గరకు లాక్కుంటుంది. ప్లాస్మిడ్ డీఎన్‌ఏలోని రెండు పోగుల్లో ఒకటి నిర్ణీత స్థానంలో తెగి, అవతలి కణంలోకి జారుతుంది. రెండు కణాల్లోనూ రెండో పోగు మళ్లీ తయారవుతుంది. ఇచ్చిన కణం ఏమీ కోల్పోదు, జిరాక్స్ తీయించుకున్నాక అసలు కాగితం మన దగ్గరే ఉన్నట్టు. పుచ్చుకున్న కణం ఇంకో జాతిదైనా ఫరవాలేదు. మన పేగుల్లో క్లెబ్సియెల్లా, ఈ.కోలి, ఎంటెరోబాక్టర్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ మార్పిడికి కావలసిన చోటు అక్కడే దొరుకుతుంది.

ఒక్క ప్లాస్మిడ్ మీద ఎన్ని జన్యువులు కలిసి ఉంటాయో తెలిస్తే మందుల దుకాణం దగ్గర జరిగేదాని బరువు అర్థమవుతుంది. సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్‌లను ముక్కలు చేసే సీటీఎక్స్-ఎం-15 ఎంజైము జన్యువును మొదట గుర్తించింది 1999లో ఢిల్లీ రోగుల నుంచి తీసిన బాక్టీరియాలోనే. దాన్ని మోసే ప్లాస్మిడ్ల మీద సిప్రోఫ్లాక్సాసిన్‌ను, అమికాసిన్‌ను రెంటినీ బలహీనపరిచే మరో జన్యువు తరచూ ఉంటుంది. కాబట్టి నీళ్ల విరేచనాలకు ఎవరో ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ గోలీలు సెఫ్ట్రియాక్సోన్ నిరోధకతను కూడా పెంచి పోషిస్తాయి. సెఫిక్సిమ్, ఓఫ్లాక్సాసిన్ కలిపిన గోలీ జ్వరం పేరు చెబితే చాలు చేతిలో పెట్టే దుకాణాలున్నాయి. అలాంటి గోలీ వేసుకున్న పేగులో నిలదొక్కుకునేది ఈ రెండు జన్యువులనూ కలిపి మోసే ప్లాస్మిడ్డే. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న హెచ్-1 షెడ్యూల్ ప్రకారం మూడో తరం సెఫలోస్పోరిన్లు (సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ వంటివి), కార్బాపెనెమ్‌లు (మెరోపెనెమ్ వంటివి) అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరును తనిఖీ చేస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు.

ఒక మందును కొన్నాళ్లు ఆపేస్తే దాని నిరోధకత తగ్గిపోతుందన్న నమ్మకం డాక్టర్లలో కూడా ఉంది. ప్లాస్మిడ్ విషయంలో అది చాలాసార్లు నిజం కాదు. బ్రిటన్‌లో 1991-99 మధ్య సల్ఫా మందుల వాడకం 97 శాతం పడిపోయింది. అయినా ఈ.కోలిలో సల్ఫా నిరోధకత 40 శాతం దగ్గర నుంచి 46 శాతానికి పెరిగింది. ఆ జన్యువు పక్కనే ఇంకా వాడకంలో ఉన్న మందుల జన్యువులుండటంతో వాటితోపాటు అదీ బతికింది. పైగా చాలా ప్లాస్మిడ్లు విషాన్ని, దాని విరుగుడును రెంటినీ తయారుచేస్తాయి. విభజన సమయంలో ప్లాస్మిడ్ అందని పిల్ల కణంలో విరుగుడు త్వరగా అరిగిపోతుంది, విషం మిగిలి దాన్ని చంపేస్తుంది. ఇక ప్లాస్మిడ్‌ను వదిలించుకున్న కణాలు మిగిలేదెక్కడ?

ఇప్పుడు కార్బాపెనెమ్‌ల సంగతి. మెరోపెనెమ్, ఇమిపెనెమ్ ఐసియులో చివరి వరుస మందులు. వాటిని ముక్కలు చేసే ఎన్‌డీఎం ఎంజైమును 2008లో, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగి నుంచి తీసిన క్లెబ్సియెల్లాలో కనుగొన్నారు. 2011లో ప్రచురించిన ఢిల్లీ అధ్యయనంలో కుళాయి నీటి 50 నమూనాల్లో 2, వీధుల్లో నిలిచిన నీటి 171 నమూనాల్లో 51 ఈ జన్యువును చూపించాయి. కలరా తెచ్చే విబ్రియోలోకి, షిగెల్లాలోకి కూడా అది చేరిపోయి ఉంది. ఆ ప్లాస్మిడ్ బదిలీ 30 డిగ్రీల దగ్గర బాగా జరిగింది. హైదరాబాద్‌లో ఏడాదిలో చాలా నెలలు మురుగు కాలువ ఉష్ణోగ్రత దానికి దగ్గరగానే ఉంటుంది.

మన దగ్గర ఎన్‌డీఎంతోపాటు, కార్బాపెనెమ్‌లను ముక్కలు చేసే ఇంకో ఎంజైముల గుంపు ఓఎక్స్ఏ-48 కుటుంబం కూడా విస్తారంగా ఉంది, ముఖ్యంగా ఓఎక్స్ఏ-181, ఓఎక్స్ఏ-232. ల్యాబు పొరపడేది ఇక్కడే. యంత్రం మెరోపెనెమ్ ఎంఐసీ (బాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు) మి.లీ.కు 1 మైక్రోగ్రాము అని చూపిస్తే, అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణం ప్రకారం రిపోర్టులో ‘పనిచేస్తుంది’ అని వెళ్తుంది. ఓఎక్స్ఏ-48 రకం ఎంజైమున్న బాక్టీరియా సరిగ్గా అక్కడే దాక్కుంటుంది. యూరప్ సంస్థ యూకాస్ట్ పెట్టిన అనుమానపు గీత చాలా కింద ఉంది. మి.లీ.కు 0.125 మైక్రోగ్రాములు దాటితే ఎంజైము కోసం వెతకమంటుంది. చికిత్సకు ఏ ప్రమాణం పాటించినా, వెతకడానికి ఈ కింది గీతనే పాటించాలని మా అభిప్రాయం.

వెతకడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఈ ఎంజైమును పట్టే ఎంసీఐఎం పరీక్షకు, బాక్టీరియాను పెంచే ద్రవమైన ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ 2 మి.లీ.లో 1 మైక్రోలీటరు లూపుతో తీసిన కాలనీ (ప్లేటు మీద పెరిగిన బాక్టీరియా గుంపు) కలపాలి. అందులో 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్కు వేసి 35 డిగ్రీల వద్ద 4 గంటలు ఉంచాలి. డిస్కును తీసి, ట్యూబు అంచుకు రాసి అదనపు ద్రవం వదిలించి, మందుకు లొంగే ఈ.కోలి ఏటీసీసీ 25922 పరిచిన ప్లేటు మీద పెట్టాలి. మర్నాడు డిస్కు చుట్టూ ఖాళీ వలయం 15 మి.మీ. లేదా అంతకన్నా తక్కువుంటే ఎంజైము ఉన్నట్టు, 19 లేదా అంతకన్నా ఎక్కువుంటే లేనట్టు. 16-18 మధ్య వలయంలో సూదిమొన లాంటి కాలనీలు కనిపిస్తే అదీ పాజిటివే, కనిపించకపోతే మళ్లీ చేయాలి. సాధారణంగా తప్పేది రెండు చోట్ల. ద్రవం వదిలించని తడి డిస్కు పెడితే వలయం సరిగా రాదు. 4 గంటల గడువును సాయంత్రం షిఫ్టు మారేదాకా సాగదీస్తే ఫలితాన్ని నమ్మడానికి లేదు. అసినెటోబాక్టర్ అనే బాక్టీరియాకు ఈ పరీక్ష వాడకూడదు.

ఎంజైము ఎన్‌డీఎం తరహాదా కాదా తెలుసుకోవడానికి ఇంకో ట్యూబులో, జింకును పట్టేసుకునే ఈడీటీఏ 0.5 మోలార్ ద్రావణం 20 మైక్రోలీటర్లు కలిపి ఇదే పరీక్ష చేస్తారు. వలయం 5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పెరిగితే జింకు ఆధారంగా పనిచేసే ఎన్‌డీఎం వంటి ఎంజైమని అర్థం. మన నగరానికి ఈ రెండో పరీక్ష ఒక్కటే చాలదు. ఎన్‌డీఎం, ఓఎక్స్ఏ-48 రెండూ ఒకే బాక్టీరియాలో ఉండటం మన దగ్గర మామూలు. ఈడీటీఏ ఎన్‌డీఎంను ఆపినా ఓఎక్స్ఏ మందును తినేస్తూనే ఉంటుంది. వలయం పెరగదు, ఎన్‌డీఎం లేదన్న తప్పుడు ఫలితం వస్తుంది. అందుకే ఎంసీఐఎం పాజిటివ్ వచ్చిన ప్రతి కాలనీకి, ఐసియు రోగిదైతే మరీ, ఐదు ఎంజైములను విడివిడిగా చూపే 15 నిమిషాల స్ట్రిప్పు పరీక్షో, పీసీఆర్‌నో చేయాలి. స్ట్రిప్పుకు కాలనీని మెరోపెనెమ్ డిస్కు పక్కన పెరిగిన చోటు నుంచి తీసుకోవడం మేలు. మందు లేని ప్లేటు మీద పదేపదే మార్చి పెంచితే కొన్ని ప్లాస్మిడ్లు జారిపోతాయి.

ఈ తేడా తెలియకపోతే వైద్యం దారి తప్పుతుంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఓఎక్స్ఏ-48 మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎం మీద ఏమీ చేయలేదు. ఎన్‌డీఎం ఉంటే దానికి అజ్‌ట్రియోనామ్ తోడు కావాలి. అజ్‌ట్రియోనామ్‌ను ఎన్‌డీఎం ముట్టుకోదు కానీ, పక్కనే ఉండే సీటీఎక్స్-ఎం-15 తినేస్తుంది, దాన్ని అవిబాక్టమ్ ఆపుతుంది. అంటే రెండు మందులూ ఒకేసారి రక్తంలో ఉండాలి. ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం ఎక్కిస్తే ఈ జోడీ విడిపోతుంది. రెంటినీ ఒకే సమయంలో మూడేసి గంటలపాటు ఎక్కించమని చెప్పేది అందుకే. మన దేశపు ఎన్‌డీఎం ఈ.కోలిలో కొన్నింటికి అజ్‌ట్రియోనామ్ దాడి చేసే పీబీపీ-3 ప్రొటీన్‌లో (దాని జన్యువు క్రోమోజోములో ఉంటుంది) నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చేరి ఈ జోడీ కూడా బలహీనపడుతోంది. కాబట్టి జోడీ పనిచేస్తుందో లేదో కూడా ల్యాబులో చూసి చెప్పాలి.

మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్ గురించి క్లుప్తంగా. కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువున్న ప్లాస్మిడ్‌ను చైనా శాస్త్రవేత్తలు 2015 నవంబరులో ప్రకటించాక ఇక్కడా భయం పుట్టింది. మన ప్రభుత్వం 2019 జులైలో కోళ్లు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించడం మంచి నిర్ణయం. అయితే మన ఆసుపత్రుల క్లెబ్సియెల్లాలో కొలిస్టిన్ పనిచేయకపోవడానికి ఎక్కువగా కారణం క్రోమోజోములోని ఎంజీఆర్‌బి జన్యువు దెబ్బతినడం. ప్లాస్మిడ్ పాత్ర అక్కడ చిన్నది. ఒక్క జాగ్రత్త చాలు: కొలిస్టిన్ అగర్‌లో (ప్లేటులోని జెల్లీలో) సరిగా వ్యాపించదు కాబట్టి డిస్కు పెట్టి ఇచ్చే రిపోర్టును నమ్మకూడదు, మందును ద్రవంలో వేర్వేరు మోతాదుల్లో కలిపి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ కావాలి.

ఇక రెఫరల్ కాగితం. నల్గొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో నర్సింగ్ హోంలో వారం ఉన్న రోగి ఎల్‌బీ నగర్‌లోని ప్రైవేటు ఆసుపత్రికి వస్తాడు. డబ్బులు అయిపోయాక నిమ్స్‌కో, గాంధీకో, ఉస్మానియాకో చేరతాడు. మూడు చోట్ల మూడు ఫైళ్లు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘కల్చర్: క్లెబ్సియెల్లా, తగిన యాంటీబయాటిక్స్ ఇచ్చాం’ అన్న వాక్యం తప్ప ఇంకేమీ ఉండదు. అందుకున్న ఆసుపత్రి అతన్ని జనరల్ వార్డులో పడుకోబెడుతుంది. మేం కోరేది ఒక్క గడి. అందులో నమూనా ఏది, తేదీ ఏది, సూక్ష్మజీవి ఏది, జన్యువు ఎన్‌డీఎమా, ఓఎక్స్ఏ-48 రకమా, రెండూనా, అది ఇన్ఫెక్షనా లేక పేగులో మోసుకు తిరగడమేనా అన్నది రాయాలి. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఒక సర్క్యులర్‌తో చేయగలిగిన పని ఇది.

ఆ గడి చూసి రోగిని చేర్చుకోవడానికి నిరాకరించడం అన్యాయం, అవసరం కూడా లేదు. విడి గది లేకపోతే వార్డు చివరి మంచం, అతనికే కేటాయించిన స్టెతస్కోపు, బీపీ పట్టీ, ముట్టుకునే ముందూ తర్వాతా 20-30 సెకన్ల ఆల్కహాల్ రబ్, మలమూత్రాలు ఎత్తేటప్పుడు గ్లవ్స్, గౌను ఉంటే వ్యాప్తికి చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. పేగులో మోసుకు తిరుగుతున్నవారికి యాంటీబయాటిక్ ఇచ్చి ‘శుభ్రం’ చేయాలని చూడకండి. మిగతా బాక్టీరియా చచ్చి, ప్లాస్మిడ్ ఉన్నదానికి చోటు పెరుగుతుంది.

బయటి ఆసుపత్రి నుంచి వచ్చిన రోగులకు మలద్వారం స్వాబ్ పరీక్ష చవకగా చేయవచ్చు. 5 మి.లీ. ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ లేదా ఎర్టాపెనెమ్ డిస్కు వేసి, స్వాబ్ ముంచి రాత్రంతా పెంచి, మర్నాడు 100 మైక్రోలీటర్లు మెకాంకీ అగర్ మీద గీయాలి. మి.లీ.కు 2 మైక్రోగ్రాముల మందు ఉంటుంది కాబట్టి బలహీనమైన ఓఎక్స్ఏ-48 రకాలు కొన్ని తప్పించుకుంటాయి. ఎన్‌డీఎంను మాత్రం ఇది బాగా పడుతుంది.

చాలా ఆసుపత్రులు పట్టించుకోని చోటు చేతులు కడిగే సింకు. దాని కింది వంపు పైపులో ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి, గోడలకు జిగురు పొర పడుతుంది. వేర్వేరు జాతులు ఒకచోట చేరి ప్లాస్మిడ్లు మార్చుకోవడానికి ఆ పొర అనువైనది. 2017లో అమెరికాలో చేసిన ప్రయోగంలో వంపు పైపులో వేసిన ఈ.కోలి ఆహారం అందినప్పుడు రోజుకు అంగుళం చొప్పున పైకి పాకింది. జాలీ దాకా వచ్చాక కుళాయి ధార తగిలి చుట్టూ చిందింది. ఆ ఆహారం వేసేది మనమే. మిగిలిన డెక్స్ట్రోజ్ సెలైన్, ట్యూబు ఫీడు, టీ, యాంటీబయాటిక్ కలిపిన సీసా అడుగు అన్నీ ఆ సింకులోనే పోస్తారు. వాటికి వేరే చోటు చూపించాలి. సింకుకు మీటరు లోపు సూది మందులు కలపకూడదు, ట్రేలు పెట్టకూడదు. కుళాయి ధార నేరుగా జాలీ మీద పడకుండా బిగించాలి. బ్లీచింగ్ పోస్తే పై పొర పోతుంది, కొన్ని రోజుల్లో అడుగు నుంచి మళ్లీ పెరుగుతుంది.

ఆసుపత్రి గోడ దాటితే పటాన్‌చెరు. అక్కడి ఉమ్మడి వ్యర్థ జల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. 500 మి.గ్రా. గోలీ వేసుకున్న మనిషి రక్తంలో అది లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు. నిరోధకతను ప్రోత్సహించని స్థాయిగా నిపుణులు చెప్పేది లీటరుకు సుమారు 0.06 మైక్రోగ్రాములు. 2014లో కాజిపల్లి చెరువు మట్టిలోని డీఎన్‌ఏ మొత్తాన్ని చదివితే నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్లు కుప్పలుగా కనిపించాయి. వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ పరిశ్రమల వ్యర్థ జలాలపై మార్గదర్శకాలిచ్చింది. వాటి ఆధారంగా తెలంగాణ తన సొంత పరిమితులు పెట్టాలి. 2020లో మురుగునీటిలో కరోనా జాడలు వెతికి నగరంలో ఎందరికి సోకి ఉంటుందో అంచనా కట్టింది ఇక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీలే. అదే తరహాలో ఆసుపత్రుల మురుగులో ఎన్‌డీఎం జన్యువును కొలిచే నైపుణ్యం ఈ నగరానికి ఉంది.

నీటి సంగతి టైఫాయిడ్‌కు కూడా వర్తిస్తుంది. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో మొదలైన మొండి టైఫాయిడ్, సీటీఎక్స్-ఎం-15 ఉన్న ఒక ప్లాస్మిడ్‌ను సంపాదించుకున్న సాల్మొనెల్లా టైఫీ వల్ల వచ్చింది. సెఫ్ట్రియాక్సోన్ పోయింది, నోటి మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఇక్కడ గొంతు నొప్పికీ జలుబుకూ ఆ అజిత్రోమైసిన్‌నే మూడు గోలీల చొప్పున కొనుక్కుంటున్నాం.

రోగి బంధువులకు కొన్ని మాటలు. రక్తం కల్చర్ మొదటి యాంటీబయాటిక్ డోసుకు ముందే తీయమని అడగండి. పెద్దవారికి రెండు వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో సీసాకు 8-10 మి.లీ. తీయాలి. తక్కువ తీస్తే ఉన్న బాక్టీరియా కూడా దొరక్కపోవచ్చు. మూత్రం మధ్య ధార పట్టాలి, రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. క్యాథెటర్ ఉన్నవారికి సంచిలోంచి పట్టకూడదు. మూత్రంలో బాక్టీరియా కనిపించినా మంట, జ్వరం వంటి బాధ ఏదీ లేకపోతే, గర్భిణులకు, మూత్రనాళ ఆపరేషన్‌కు వెళ్లేవారికి తప్ప, సాధారణంగా మందు అక్కర్లేదు. కల్చర్ తుది ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది, ఈలోపే డిశ్చార్జ్ చేస్తుంటారు. ల్యాబు నంబరు రాసుకుని, తర్వాత వెళ్లి తుది రిపోర్టు తెచ్చుకోండి. అందులో కార్బాపెనెమేజ్ (కార్బాపెనెమ్‌లను ముక్కలు చేసే ఎంజైము) అన్న మాట ఉందేమో చూసి, రిపోర్టు ఫొటో ఫోనులో దాచండి. వచ్చే ఏడాది ఏ ఆసుపత్రిలో చేరినా, చేర్చుకునే డాక్టరుకు అడక్కముందే చూపించండి.

ఇట్లు,
కొందరు క్లినికల్ మైక్రోబయాలజిస్టులు,
హైదరాబాద్